శుక్రవారం సాక్ష్యం

మట్టెవాడలో మా సందు చివర ఒక ఇస్త్రీ దుకాణం ఉంది. గంజి పెట్టి ఆరేసిన నూలు చీర మీద నీళ్ళు చిలకరించి, వేడి వేడి ఇస్త్రీ పెట్టె ఆనించినప్పుడు వచ్చే వాసన మీకు తెలిసే ఉంటుంది. కొంచెం అన్నం వాసన, కొంచెం ఎండ వాసన. అది ముక్కుకు తగలగానే నాకు సలోమి మేడం గుర్తొస్తుంది, గుర్తురాగానే ఒళ్ళు మండుతుంది. పోయినవాళ్ళు గుర్తొస్తే కళ్ళు చెమ్మగిల్లుతాయని అందరూ రాస్తారు. నాకు ఆ భాగ్యం లేదు. నేను పళ్ళు నూరుకుంటాను. పోయిన శనివారం కూడా అదే దుకాణం ముందు, సాయంత్రం సభకు కట్టుకోవాల్సిన చీర కోసం నిలబడి పళ్ళు నూరుకుంటూ ఉంటే ఫోన్ మోగింది. మా కంపెనీ హైదరాబాద్ ఆఫీసు నుంచి కిరణ్ గారు. కంపెనీ తయారు చేసే సాఫ్ట్‌వేర్‌కంతటికీ ఆయనే పెద్ద. "స్రవంతి గారూ, ఈవెనింగ్ సలోమి గారి సంస్మరణ సభలో మీరు ఒక నాలుగు మాటలు మాట్లాడాలి. పాత విషయాలేవీ వద్దు, పాజిటివ్‌గా ఉంటే చాలు. ఆమె మన ఫ్యామిలీ కదా," అన్నాడు. ఆమెను ఉద్యోగంలోంచి పంపించిన మనిషి నోట ఫ్యామిలీ అనే మాట విని, సరేనని ఫోన్ పెట్టేశాను. ఇస్త్రీ అతను నా ముఖం చూసి, చీర మడత పెట్టి చేతిలో పెట్టాడు.

ఆమెను మీరు చూసి ఉండరు కాబట్టి చెప్పాలి. పొట్టి మనిషి, పెద్ద కళ్ళద్దాలు, ఎండాకాలమైనా వానాకాలమైనా గంజి పెట్టిన నూలు చీర. నడుస్తుంటే ఆ చీర గరగరమనేది. ఆ చప్పుడు వినబడగానే మేమందరం కుర్చీల్లో సర్దుకుని కూర్చునేవాళ్ళం. కాజీపేటలో పుట్టింది, కాజీపేటలోనే రైల్వే గార్డును పెళ్ళి చేసుకుంది. హైదరాబాదులో పెద్ద కంపెనీల్లో పనిచేసి, తిరిగి వచ్చి మా కంపెనీ కాజీపేటలో తెరిచిన చిన్న ఆఫీసుకు అధికారి అయింది. టైర్ల దుకాణం మీద అంతస్తులో ఉండేది ఆ ఆఫీసు. రైలు పోయినప్పుడల్లా కిటికీ అద్దాలు అదిరేవి. ఫోన్‌లో హైదరాబాద్ వాళ్ళతో మాట్లాడుతూ ఉండగా రైలొస్తే ఆమె మాట ఆపి, అది పోయేదాకా నిమ్మళంగా కూర్చుని, మళ్ళీ ఆగిన చోటి నుంచే మొదలుపెట్టేది. గొంతు పెంచడం ఆమెకు చేతకాదు. ఆ లోటు నేను తీర్చేదాన్ని.

ఉద్యోగం కోసం వెళ్ళిన రోజు ఆమె నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి, "నీ చేతిల పాడైంది ఏందో చెప్పు," అని అడిగింది. నేను గర్వంగా, ఏమీ పాడు కాలేదు మేడం అన్నాను. "అయితే నువ్వు ఇంకా ఏం పని చెయ్యలే. ఇయ్యాల పోయి రేపు రా," అంది. మెట్లు దిగుతూ ఆమెను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. మర్నాడు వెళ్ళింది ఉద్యోగం కోసం కాదు, పోట్లాడ్డానికి. వెళ్ళి, అంతకుముందు పనిచేసిన సూపర్‌మార్కెట్‌లో సరుకుల ధరలన్నీ నా చేతి మీదుగా ఎలా చెరిగిపోయాయో, పండగ ముందు రోజు దుకాణం షట్టర్ ఎలా వేయాల్సి వచ్చిందో, యజమాని నన్ను ఏమేమి అన్నాడో ఒక్క ఊపులో చెప్పేశాను. ఆమె చివరిదాకా విని, "ఇగో, ఇది మంచిగున్నది. సోమవారం నుంచి రా," అంది. కోపం మొత్తం నోట్లోనే ఉండిపోయింది. అంత కోపంగా వెళ్ళి అంత చప్పగా తిరిగొచ్చిన రోజు నా జీవితంలో ఇంకొకటి లేదు.

వాళ్ళ చర్చిలో ఆదివారం నాడు ఎవరైనా లేచి నిలబడి సాక్ష్యం చెప్పే అలవాటు ఉంది. తన జీవితంలో ఏం జరిగింది, తాను ఎక్కడ తప్పిపోయింది, ఎలా నిలబడింది, పదిమంది ముందు చెప్పడం. మేడం దాన్ని ఆఫీసుకు తెచ్చింది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం టీ తాగాక ఒక్కొక్కరం లేచి, ఆ వారం తన చేతి మీదుగా చెడిపోయినదేంటో చెప్పాలి. షరతులు ఆమె మొదటి రోజే చెప్పింది. "ఎవలది వాళ్ళే చెప్పాలె. ఇంకొకలది చెప్పొద్దు. చెప్పేటప్పుడు నవ్వొద్దు, నడుమ మాట్లాడొద్దు. ఇక్కడ పడ్డ మాట ఈ గది దాటొద్దు." మొదట్లో మేము, మేడం మన మతం మార్పిస్తుందేమో అని చాటుగా జోకులేసుకున్నాం. కానీ మొదట లేచి నిలబడింది ఆమే. ఒక క్లయింటుకు తప్పు లెక్క పంపి రెండు రోజులు ఆ సంగతి దాచానని, ఆ రెండు రోజులూ అన్నం సయించలేదని అందరి ముందు చెప్పి కూర్చుంది. ఆ తర్వాత మాలో ఒకతను లేచి, ఫోన్ చార్జింగ్ కోసం సర్వర్ ప్లగ్గు పీకింది తానేనని ఒప్పుకున్నాడు. ఆ ప్లగ్గు గురించి మేము వారమంతా కరెంటాఫీసు వాళ్ళను తిట్టి ఉన్నాం. అయినా ఎవరూ నవ్వలేదు. కిందికి దిగి టైర్ల దుకాణం పక్కన నిలబడి కడుపుబ్బ నవ్వుకున్నాం గానీ గదిలో నవ్వలేదు.

కనెక్టర్ పని వచ్చింది ఆ రోజుల్లోనే. ఒక ఆసుపత్రుల సంస్థకు జిల్లాలో ఊరూరా రక్తపరీక్షల ల్యాబులు ఉన్నాయి. ఒక్కో ల్యాబ్‌లో ఒక్కో రకం కంప్యూటర్, ఒక్కో రకం రాత. వాటన్నిటిలోని ఫలితాలూ పైప్‌లైన్ గుండా వచ్చి, క్లౌడ్‌లో ఉన్న ఒకే పెద్ద డేటా వేర్‌హౌస్ అనే గిడ్డంగిలో చేరాలి. అక్కడి నుంచి హన్మకొండలో ఉన్న పెద్ద ఆసుపత్రి నర్సుల తెర మీదికి వెళ్ళాలి. పైప్‌లైన్ చివర, వేర్‌హౌస్ తలుపు దగ్గర కూర్చునే చిన్న ప్రోగ్రామే కనెక్టర్. రేపు ఇంకో క్లయింటు వచ్చినా తీసి వాళ్ళకు తగిలించేలా దాన్ని విడి ప్లగిన్‌గా తయారు చేయాలి. వినడానికి ఇంతే. నేను వారంలో రాసిపడేస్తానన్నాను. మేడం నవ్వి, "సామాన్లు మోసుడు ఎవరన్న మోస్తరు. మోసేటప్పుడు కింద పడ్డది చెప్పేటోళ్ళే దొరకరు," అంది.

ఆ మాట మీదే కనెక్టర్ మొత్తం కట్టాం. వచ్చిన సరుకును నేరుగా లోపల పెట్టకూడదు. ముందు బయటి గదిలో దించాలి, లెక్క చూడాలి, అన్నీ సరిగ్గా ఉంటేనే ఒక్కసారిగా లోపలికి పంపాలి. మధ్యలో ఏది చెడినా మొత్తం వెనక్కి తీసుకోవాలి. ఒకే మూట రెండుసార్లు వస్తే గుర్తుపట్టాలి. అర్థం కాని దాన్ని ఊహించకూడదు, ఆగి అడగాలి. నేను రాసిన మొదటి ప్రోగ్రాములో ఏదైనా చెడితే 'లోడ్ విఫలమైంది' అని ఒక ముక్క వచ్చేది. మేడం దాన్ని చూసి, "ఇది ఎవలకు చెప్తానవ్?" అని అడిగింది. లాగ్‌లో, అంటే ప్రోగ్రాము రాసుకునే చిట్టాలో పడుతుంది మేడం అన్నాను. "లాగ్‌కు కండ్లున్నయా? చదివేటిది ఒక మనిషి. ఆమెకు ఏం తెల్వాలె?" నాకు చిర్రెత్తింది. విసురుగా కూర్చుని, వెటకారంగా ఇలా కొట్టాను: నేను కనెక్టర్‌ను, ఫలానా ల్యాబ్ నుంచి వచ్చిన ఫలితాల్లో తేదీ నాకు అర్థం కాలేదు, అందుకని ఒక్కటి కూడా లోపల పెట్టలేదు, దయచేసి ఎవరైనా వచ్చి చూడండి. ఆమె అద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివి, "గిదే. దయచేసి ఒక్కటి తీసెయ్. కనెక్టర్ కూడా సాక్ష్యం చెప్పాలె, బిడ్డా. గ్యాసుకు సొంతంగ వాసన లేదు. లీకైతే మనుషులకు తెల్వాలని కలిపిండ్రు. మనది కూడ వాసన రావాలె," అంది. నా వెటకారం అలాగే ప్రోగ్రాములో ఉండిపోయింది. ఇవాళ్టికీ ఉంది.

కిరణ్ గారు మా కథలోకి అప్పుడే వచ్చారు. ఆసుపత్రి యజమానులకు తెర చూపించాల్సిన రోజు దగ్గరపడుతోంది. కనెక్టరేమో రోజుకొక ల్యాబ్ దగ్గర ఆగి సాక్ష్యం చెబుతోంది. ఒకచోట పేరు ఉండాల్సిన చోట వయసు, ఇంకోచోట రక్తం గ్రూపు ఉండాల్సిన చోట ఫోన్ నంబరు. ఆగిన ప్రతిసారీ మేము ఆ ల్యాబ్‌కు ఫోన్ చేసి సరిచేయిస్తున్నాం. అది మేడం దృష్టిలో పని జరగడం. కిరణ్ గారి దృష్టిలో పని ఆగిపోవడం. ఆయన హైదరాబాద్ నుంచి కారులో వచ్చి మా గదిలో కూర్చుని, "అర్థం కాని వరుసల్ని వదిలేసి ముందుకు పోయేలా ఒక స్విచ్ పెట్టండి. తెర మొత్తం ఆకుపచ్చగా కనిపించాలి," అన్నాడు. వదిలేసిన వరుసలో ఒక మనిషి ఉంటాడు సార్ అంది మేడం. మా నాన్నకు పవర్‌లూమ్ ఉండేది. నేను ఆగలేక, "దారం తెగితే ఆగని మగ్గం మీద నేసిన గుడ్డ మీరు కొంటరా సార్?" అన్నాను. ఆయన నా వైపు చూడకుండా మేడంతో, "ఈ డీల్ పోతే కాజీపేట ఆఫీసు ఎందుకు నడపాలో బోర్డుకు నేను చెప్పలేను," అన్నాడు. మాటల్లో ఎక్కడా బెదిరింపు లేదు. ఎంత మర్యాదగా అన్నాడంటే, ఆ మర్యాదకే నాకు కంపరం పుట్టింది.

మేడం కిటికీ వైపు తిరిగింది. మా గదిలో ఉన్నవాళ్ళంతా ఆమె వెనక కూర్చుని ఉన్నాం. ఆ ఉద్యోగాలు పోతే హైదరాబాద్ వెళ్ళగలిగినవాళ్ళు మాలో తక్కువ, ఆమెకు అది తెలుసు. చివరికి, "పెడతం. కానీ ఎప్పుడూ ఆఫ్‌లనే ఉండాలె. నాకు చెప్పకుండ ఆన్ చెయ్యద్దు," అంది. ఆయన నవ్వుతూ చెయ్యి కలిపాడు. ప్రోగ్రాములో ఆ స్విచ్‌ను, ఆ మీటను, రాసింది నేనే, ఆమె చెబితేనే రాశాను. పోతూ పోతూ ఆయన మా శుక్రవారం సంగతి ఎవరి ద్వారానో విని, ఎంత గొప్ప కల్చర్ అని మెచ్చుకుని, తమ హైదరాబాద్ జట్టు కూడా వీడియోలో చేరతామన్నాడు. మేడం ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు గుర్తొస్తే ఆయన్ని కాదు, ముందు ఆమెను పట్టుకుని కుదిపేయాలనిపిస్తుంది.

ఆసుపత్రి వాళ్ళకు తెర చూపించే రోజుకు ముందు రోజు కిరణ్ గారు నాకే ఫోన్ చేసి ఆ మీట ఎక్కడుందని అడిగాడు. మేడంను అడగండి సార్ అన్నాను. "అక్కర్లేదు, దొరికింది," అని పెట్టేశాడు. నేను పరుగున వెళ్ళి మేడంకు చెప్పాను. ఆమె వెంటనే ఫోన్ చేస్తే, ఒక్క రోజుకే, రేపు తీసేస్తాం అన్నాడట. మర్నాడు సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి అడిగింది. తీసేశాం అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, స్పీకర్‌లో నా చెవులతో విన్నాను. తీయలేదు. మరచిపోయాడో, ఆకుపచ్చ తెర మీద మోజు తీరలేదో ఆయనకే తెలియాలి.

ఆ వారమే పాలకుర్తి ల్యాబ్‌కు కొత్త కంప్యూటర్ వచ్చింది. అందులో రోజు వెనక్కి పోయి నెల ముందు పడింది. అప్పటికి నెల సగం దాటింది కాబట్టి మా కనెక్టర్‌కు తేదీలు పదహారో నెల, పదిహేడో నెల అని కనిపించాయి. ఎప్పటిలా అయితే ఆగి, అర్థం కాలేదు, వచ్చి చూడండి అని చెప్పేది. మీట వేసి ఉంది కాబట్టి నోరు మూసుకుని వదిలేసింది. అలా వదిలేసిన వరుసల్లో యాకయ్య ఉన్నాడు. పాలకుర్తిలో ఆటో నడుపుకునే మనిషి, కిడ్నీ రోగి. రక్తంలో పొటాషియం పెరిగితే నర్సు తెర మీద ఎర్రగా పడాలి, ఆమె ఫోన్ చేసి పిలిపించాలి. ల్యాబ్‌లో కాగితం ఇవ్వడం అంతకుముందే మానేశారు, తెర ఉంది కదా అని. ఆ వారం పొటాషియం పెరిగింది, కానీ ఆకుపచ్చ తెర మీద యాకయ్య లేనే లేడు. ఆయన ఆటో నడుపుతూ రోడ్డు పక్కకు ఒరిగిపోతే ఎవరో పుణ్యాత్ములు తెచ్చి ఆసుపత్రిలో పడేశారు.

మేడం, నేను చూడ్డానికి వెళ్ళాం. గుండె ఆగినంత పనై మళ్ళీ కొట్టుకుందని డాక్టర్ చెప్పాడు. యాకయ్య భార్య మమ్మల్ని ల్యాబ్ వాళ్ళనుకుని, "నెత్తురు ఇచ్చొచ్చినం గదమ్మా. ఫోన్ వస్తదని కూసున్నం. రాకపోతే మంచిగనే ఉన్నదనుకున్నం," అంది. తిట్టలేదు, అడగలేదు. ఫోన్ రాకపోతే బాగున్నట్టే అని మేమే కదా వాళ్ళకు నేర్పింది. మేడం ఆమె చేతులు పట్టుకుని, మా మిషన్ తప్పమ్మా, నా తప్పు అంది. ఆమెకు అర్థం కాలేదు. మెట్లు దిగుతూ నేను కిరణ్‌ను బండబూతులు తిట్టాను. పక్కన మేడం చీర గరగర మాత్రం వినిపిస్తోంది.

ఆ శుక్రవారం గది నిండుగా ఉంది. తెర మీద హైదరాబాద్ జట్టు, మధ్యలో కిరణ్ గారు. మేడం లేచింది. "స్విచ్ పెట్టొద్దని తెలిసి పెట్టిన. తీసిండ్రంటే నమ్మిన, నా కండ్లతోటి చూడలే. ఒక మనిషి సావు దాకా పోయి వచ్చిండు. ఇది నాది," అని చెప్పి కూర్చుంది. నేను వెంటనే లేచాను. ఆ మీట రాసింది నేనని చెప్పాను. "కాని దాన్ని వేసింది," అని నోరు తెరిచానో లేదో, మేడం చెయ్యెత్తింది. "నీది చెప్పు, స్రవంతీ. ఇంకొకలది చెప్పకు." అందరి ముందు. నేను నిలబడే ఉన్నాను. ఆమె నా వైపు చూడటం లేదు. తెర వైపు చూస్తోంది. ఒక గూడ్సు బండి వచ్చింది, అద్దాలు అదిరాయి, బండి పోయింది. తెర మీద కిరణ్ గారు గొంతు సవరించుకుని, "థాంక్యూ సలోమి గారు, చాలా ధైర్యంగా చెప్పారు. ఇంకెవరైనా?" అన్నాడు. ఇంకెవరూ లేరు. నేను కూర్చున్నాను.

తర్వాతి వారం ఆమెను పంపించేశారు. ఆసుపత్రి యజమానులకు ఎవరో ఒకరిని చూపించాలి కదా. వీడియో రికార్డయి ఉంది. గది దాటొద్దన్న మాట గదిలోనే రికార్డయింది. మీరే ఒప్పుకున్నారు కదా అన్నారట, ఎంతో మర్యాదగా. తెలిసిన రోజు నేను నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె భర్త ప్రభుదాస్ అంకుల్ తలుపు తీసి, నా ముఖం చూసి, టీ పెడతానని లోపలికి జారుకున్నాడు. ఆమె వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను కూర్చోలేదు.

"ఎందుకు ఆపినవ్ మేడం నన్ను?" అన్నాను. ఆమెను నువ్వు అనడం అదే మొదటిసారి.

"సాక్ష్యం వేరు, ఫిర్యాదు వేరు."

"రెండూ చెప్తే ఏమైతుండె? ఆయన పేరు బయటికి వస్తుండె. నీ నౌకరి ఉంటుండె. నీ మంచితనం ఎవలకు పనికొచ్చింది? యాకయ్యకు పనికొచ్చిందా?"

ఆమె చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పెట్టింది. చిన్నగా, "ఆయన లేస్తడనుకున్న," అంది.

ఆమె చర్చిలో చిన్నప్పటి నుంచి చూసింది అదే. ఒకరు లేచి తనది చెబితే, వెనక వరుసలో ఎవరో ఏడుస్తూ లేచి తనది చెబుతారు. ఎన్ని ఆదివారాలు అలా చూసి ఉంటుందో. కోట్ల రూపాయల వ్యాపారం చేసే మనిషి కూడా అలాగే లేస్తాడని, ఒక గూడ్సు బండి పోయేంతసేపు ఆ తెర వైపు చూస్తూ కూర్చుంది. ఏ వరుసనూ ఊహించొద్దని కనెక్టర్‌కు నేర్పిన మనిషి, తాను మాత్రం ఊహించింది. నేను ఆ మాట ఆమె ముఖం మీదే అన్నాను. ఆమె ఒప్పుకున్నట్టు తలాడించి, "నువ్వు మాత్రం కోపానికి నౌకరి ఇడిసిపెట్టకు. నువ్వు గూడ పోతే కనెక్టర్‌ను చూసేటోళ్ళు ఉండరు," అంది. టీ చల్లారిపోయింది. తాగకుండానే వచ్చేశాను.

నేను ఉద్యోగం వదల్లేదు. కోపం వదిలిపెట్టమని ఆమె చెప్పలేదు కాబట్టి దాన్ని కూడా వెంటపెట్టుకునే ఉన్నాను. మొదట చేసిన పని, ఆ మీటను మార్చడం. ఇప్పుడు దాన్ని వేయాలంటే వేసేవాళ్ళు తమ పేరు చెప్పాలి. చెప్పకపోతే అది కదలదు. చెబితే, ఆ పూట కనెక్టర్ చెప్పే సాక్ష్యంలో మొదటి మాట ఆ పేరే, నర్సుకు కూడా కనబడేలా. ఫలానావారు వదిలేయమంటే ఇంతమందిని వదిలేశాను, వాళ్ళ పేర్లు ఇవీ అని చెబుతుంది. హైదరాబాద్ నుంచి చాలాసార్లు అడిగారు, పేరు తీసేయమని, అది అవమానకరంగా ఉందని. తీయలేదు. అది పెట్టినప్పటి నుంచి మీట ఎవరూ వేయలేదు. ఆ సంగతి ఫోన్‌లో మేడంకు చెబితే, బాగుందని గానీ బాగాలేదని గానీ అనలేదు. అన్నం తిన్నవా అని అడిగింది. ఆ తర్వాత ఆమె పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ బతికింది, జబ్బు పడింది, ఈ ఎండాకాలంలో పోయింది. జబ్బుకూ ఉద్యోగానికీ సంబంధం ఉందని నేను అనను. ఊహించొద్దని కదా నేర్పింది.

శనివారం సాయంత్రం గంజి చీర కట్టుకుని సభకు వెళ్ళాను. హన్మకొండలో ఒక ఫంక్షన్ హాలు. పెద్ద ఫ్లెక్సీ మీద ఆమె ఫోటో, కింద 'మా కనెక్టర్ రూపశిల్పి' అని. బతికుండగా ఆ మాట ఎక్కడా రాయలేదు. మొదటి వరుసలో ప్రభుదాస్ అంకుల్, ఆయన పక్కన కిరణ్ గారు. ముందు ఆయనే మాట్లాడాడు. ఆమె విలువల గురించి చెబుతూ, "తన తప్పును తానే ఒప్పుకుని పక్కకు తప్పుకున్న గొప్ప మనిషి," అన్నాడు. చప్పట్లు కొట్టారు. అంకుల్ తల వంచుకుని తన చేతులు చూసుకుంటున్నాడు. అప్పటిదాకా నేను నిజంగానే నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపోదామనుకున్నాను. గంజి చీర సంగతి, రైలొస్తే ఆగే సంగతి, ప్లగ్గు సంగతి.

మైకు పట్టుకుని, ఇవాళ శుక్రవారం కాకపోయినా సాక్ష్యం చెబుతాను అన్నాను. "వదిలేసి ముందుకు పోయే ఆ మీట రాసింది నేను. నాతో రాయించింది మేడం. ఆమెతో పెట్టించింది కిరణ్ గారు. ఆమెకు చెప్పకుండా వేసింది కిరణ్ గారు. వేసి, తీసేశానని అబద్ధం చెప్పింది కిరణ్ గారు. ఆయన ఇక్కడే ఉన్నారు." అంతే చెప్పాను. గొంతు పెంచలేదు, నా జన్మలో అదొక్కసారే. తర్వాత మైకు పెట్టేసి దిగిపోవాలి. దిగలేకపోయాను. ఎందుకో తెలియదు, అక్కడే నిలబడి మొదటి వరుస వైపు చూస్తున్నాను. ఆయన లేస్తాడేమోనని చూస్తున్నానని కాసేపటికి అర్థమైంది. ఆయన ఫోన్ తీసి అందులో ఏదో చదువుకుంటున్నాడు. లేవలేదు.

నా ఉద్యోగం ఏమవుతుందో ఇది రాసేటప్పటికి తెలియదు. ఏమైనా కానీ. బయట మెట్ల మీద చెప్పులు వేసుకుంటుంటే ప్రభుదాస్ అంకుల్ వచ్చి పక్కన నిలబడ్డాడు. నా చీర వైపు చూసి, కళ్ళు తిప్పుకున్నాడు.

"ఆమె ఉంటే నిన్ను ఆపుతుండె, బిడ్డా," అన్నాడు.

"తెలుసు అంకుల్," అన్నాను. "ఆపేటందుకు ఆమె లేదనే కదా ఇంత కోపం."